ఉగాది దాకా ఆగి చూడండి!

"అమ్మగారూ, ఈ ఎండు పుల్లలన్నీ తీయించేస్తే రేపే పని మొదలెట్టేస్తాం" అన్నాడు మేస్త్రి, టేపు చుట్టుకుంటూ.

అది 2024 మాఘమాసం. ఇంటి వెనక పెరడంతా గచ్చు చేయించాలని మావారు తీర్మానించేశారు. మాది ఎలమంచిలి. మొత్తం అయిదు సెంట్ల స్థలంలో వెనక రెండు సెంట్ల దాకా ఖాళీ జాగా వుంది. "మట్టి లేకపోతే బురద వుండదు, పురుగూ పుట్రా భయం వుండదు. రెండు బళ్ళు హాయిగా పెట్టుకోవచ్చు" అని ఆయన వాదన. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట నచ్చింది. పొద్దున్నే లేచి ఆకులూ అలములూ వూడ్చేదాన్ని నేనే కదా!

పెరట్లో అప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. గోడ వారన నాలుగైదు మోడులు. బావి దగ్గర ముళ్ళ పుల్లలు. ఓ మూల ఆకు రాలిపోయిన కరివేపాకు చెట్టు. వీటి కోసం గచ్చు ఆపుతామా ఎవరైనా?

వెనక వసారాలో మంచం మీద పడుకున్న మా అత్తగారు ఇదంతా విన్నారు. అంతకు ముందు వేసవిలో స్నానాల గది దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారావిడ. అప్పటినుంచీ ఆవిడ లోకమంతా ఆ మంచం, ఆ వసారా, ఎదురుగా కనిపించే ఆ పెరడు. మేస్త్రితో ఏమీ అనలేదు. నన్ను పిలిచి మెల్లగా అన్నారు.

"అమ్మాయ్, అవి సచ్చిపోనేదు. తొంగున్నాయి. ఉగాది దాకా ఆగు. అప్పటికీ సిగురెయ్యకపోతే మీ ఇష్టం."

పాతికేళ్ళుగా నన్ను పన్నెత్తి ఓ మాట అనని మనిషి. అడక్క అడక్క అడిగారు. మావారిని బతిమాలి, పని ఉగాది తర్వాతికి వాయిదా వేయించాను. ఆ రెండు నెలల్లో నేను చూసింది మీ అందరికీ చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆ కంచె అందం నాకు తెలియలేదు

నేను కాపురానికి వచ్చింది 1999లో. ఇంటర్ పాసై, ఇంటి పని సగం సగం తెలిసిన పిల్లని. అప్పట్లో ఈ ఇంటి చుట్టూ ప్రహరీ గోడ లేదు, పొదల కంచె వుండేది. మూడు వైపులా వాక్కాయ. మా వైపు చాలామంది కలేకాయ అంటారు. జంట ముళ్ళతో అల్లుకుపోయి, మేక కూడా దూరేది కాదు. మధ్య మధ్య బలుసు పొదలు. బావి పక్కన వావిలి. వంటింటి కిటికీ కింద కరివేపాకు. తులసి కోటకి అటూ ఇటూ మల్లెలు.

నాకేమో అదంతా పిచ్చి అడవిలా అనిపించేది. మా పుట్టింట్లో గులాబీ కుండీలూ, రంగురంగుల క్రోటన్లూ వుండేవి. "అత్తయ్యగారూ, ఈ ముళ్ళ కంపలెందుకండీ?" అని ఓసారి అడిగేశాను కూడా. ఆవిడ నవ్వేసి, "పన్లున్నాయి నే" అని వూరుకున్నారు.

నిజంగానే ప్రతి పొదకీ ఓ పని వుండేది. వానలు మొదలయ్యాక వాక్కాయ పప్పులోకి, పచ్చడిలోకి. కూరలు మండిపోయే రోజుల్లో బలుసు లేత చిగురు పప్పులోకి. బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా ఎండిన వావిలాకు. సాయంత్రం పూట దోమలకి అదే ఆకు పొగ. బాలింత స్నానానికి కాగులో వేసి కాచేదీ అదే. మా అబ్బాయి పుట్టినప్పుడు నాకు ఆ నీళ్ళే పోశారు మా అత్తగారు. ఆ ఘాటు వాసన ఇప్పటికీ ముక్కుకి గుర్తే. వినాయక చవితికి పత్రి కోసం బజారుకి పరిగెత్తే పనీ తప్పేది. ఇరవయ్యొక్క పత్రుల్లో సింధువారం అంటామే, అది వావిలే!

హుద్‌హుద్ వచ్చింది, గోడ లేచింది

2014 అక్టోబరు 12 మా వైపు ఎవరూ మర్చిపోలేరు. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. మా పెరట్లో కొబ్బరి చెట్టు పడి వంటింటి రేకులు విరిగాయి. మునగ చెట్టు మొదలంటా పోయింది. మర్నాడు చూస్తే, విచిత్రంగా ఆ ముళ్ళ కంచె మాత్రం ఆకులన్నీ వూడి, వంగి, నిలబడే వుంది. అప్పుడైనా దాని విలువ నాకు తెలియాల్సింది. తెలియలేదు.

మరుసటి ఏడు చీటీ పాడిన డబ్బులతో ప్రహరీ గోడ కట్టించాం. పునాది కోసం కంచె అంతా కొట్టించేశాను. కొట్టించింది నేనే. మావారి మీద నెట్టేస్తే అబద్ధమవుతుంది. బావి దగ్గర వావిలి గోడకి అడ్డం కాదు, అయినా "పనిలో పని, అదీ తీసేయండి" అన్నాను. పని చేస్తున్న ముసలామె కత్తి ఆపి, "ఓలమ్మా, ఇది వావిలి కదమ్మా! దీన్నేటి కొట్టీమంటారు?" అంది. నేను వినలేదు. మా అత్తగారు ఆ పూట లోపల గదిలోంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత కడియం నుంచి లారీల్లో మొక్కలు తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర క్రోటన్లు, పేరు తెలియని పూల మొక్కలు కొన్నాను. ఓ పాతిక కుండీలు. చూడ్డానికి ముచ్చటగానే వుండేవి. కానీ వేసవి వచ్చిందంటే పొద్దున అయిదు బకెట్లు, సాయంత్రం అయిదు బకెట్లు మొయ్యాల్సిందే. రెండ్రోజులు పెళ్ళికని వూరెళ్తే చాలు, వేలాడిపోయేవి.

వావిలి మోడు మాత్రం ఏటా చిగుళ్ళు వేసేది. నేను ఏటా కత్తితో కోసేసేదాన్ని. వాక్కాయ దుబ్బులూ అంతే. ఒకసారైతే కలుపు మందు కూడా కొట్టించాను. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను చేసిందల్లా... ఏమీ చేయకపోవడం

2023 వేసవిలో అత్తగారు పడ్డారు. ఆస్పత్రి, ఆపరేషను, మందులు, పక్క మార్చడాలు, గుడ్డలు వుతకడాలు. నాకు పెరట్లోకి తొంగి చూసే తీరికే లేకపోయింది. కుండీల్లో క్రోటన్లకి నీళ్ళు పోసే దిక్కు లేక ఆ వేసవిలోనే సగం పైగా పోయాయి. మోడుల్ని కోసే దిక్కూ లేదు. ఆ ఏడు వానల్లో వావిలి, వాక్కాయ, బలుసు తమ పని తాము చేసుకున్నాయి. నడుమెత్తు కొమ్మలు వేశాయి. మళ్ళీ చలికాలం దాటేసరికి ఆకు పలచబడి పుల్లలై నిలబడ్డాయి. మేస్త్రి చూసిన 'ఎండు పుల్లలు' అవే.

అంటే ఏమిటి? ఎనిమిదేళ్ళు నేను చంపుతూనే వున్నాను, అవి బతుకుతూనే వున్నాయి. ఒక్క ఏడు నేను వూరుకున్నాను, అంతే.

వారం వారం ఒక కబురు

ఉగాది దాకా ఆగుతానని మాటిచ్చాక, రోజూ పొద్దున్న అత్తగారికి కాఫీ ఇచ్చేటప్పుడు పెరట్లోకి చూడ్డం అలవాటైంది. ఆవిడకి చూపు ఆనదు. అందుకని నేను చూసొచ్చి కబురు చెప్పాలి.

ముందుగా కదిలింది కరివేపాకు. శివరాత్రికి రెండు మూడు రోజుల ముందు కొమ్మ చివర్లు ఎర్రబారి, గోరంత చిగుళ్ళు బయటపడ్డాయి. పదిహేను రోజులయ్యేసరికి లేత ఆకుపచ్చ రెమ్మలు. దుకాణంలో కొన్న కట్టకీ, ఆ చిగురుకీ వాసనలో పోలికే లేదు. చెట్టు చుట్టూ వేరు నుంచి పిలకలు కూడా లేచాయి.

తర్వాత వావిలి. బూడిద రంగు మోడు కణుపుల దగ్గర చిన్న చిన్న బుడిపెలు కట్టి, ఒకరోజు పొద్దున్న చూస్తే చేతి వేళ్ళు విప్పినట్టు అయిదేసి ఆకులు! పైన పచ్చగా, అడుగున తెల్లగా. నేనో రెమ్మ తుంచి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళతో చూడలేదు. నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "వచ్చీసింది" అన్నారు. అంతే. మొహం అటు తిప్పుకున్నారు.

ఫాల్గుణం మధ్యకి వాక్కాయ మొగ్గ తొడిగింది. తెల్లటి నక్షత్రాల్లాంటి చిన్న పూలు, మల్లెల్లాంటి కమ్మని వాసన. గోడ వారన నాలుగు దుబ్బులు పూస్తే, సాయంత్రం వసారా అంతా గుబాళింపే. బలుసు ఆఖరున నిదానంగా చిగిర్చింది. మెరిసే చిన్న చిన్న ఆకులు.

ఆకు వచ్చాక అతిథులు కూడా వచ్చారు. పూల మీదికి ఈగలూ తేనెటీగలూ. తేనెపిట్ట జంట ఒకటి. మునుపు ఎప్పుడో చూసిన పికిలిపిట్టలు మళ్ళీ. కరివేపాకు మీద నల్ల రెక్కల సీతాకోకచిలుక వాలి గుడ్లు పెట్టింది. కొన్నాళ్ళకి ఆకుల మీద పిట్ట రెట్టలాంటి గొంగళిపురుగులు కనిపించాయి. పూర్వమైతే మందు కొట్టేదాన్ని. ఈసారి వూరుకున్నాను. పెద్దయ్యాక అవి పచ్చగా మారి, నాలుగు రెమ్మలు తిని, గూడు కట్టుకుని వెళ్ళిపోయాయి. నాలుగు రెమ్మలతో మన చారు ఆగిపోదు కదా!

నీళ్ళు పోయకుండా ఎలా చిగిర్చాయి?

ఇదే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి. ఆ రెండు నెలలూ నేను వాటికి చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. మార్చిలో మా వైపు వానా లేదు.

ఆ ఏడు శివరాత్రికి (మార్చి 8) రాంబిల్లి మండలంలో వున్న పంచదార్ల వెళ్ళాం. ధారలు పడే చోట స్నానం, శివుడి దర్శనం అయ్యాక మెట్ల పక్కన కూర్చుంటే కొండవాలు కనిపించింది. సగం ఎండినట్టున్న తుప్పల మధ్య అక్కడక్కడా కొత్త చిగుళ్ళు! ఆ కొండకి నీళ్ళు ఎవరు పోస్తారు చెప్పండి? అప్పుడు తట్టింది నాకు. మా పెరట్లో వున్నవి ఈ కొండ పిల్లలే.

తర్వాత మా అమ్మాయి చేత పుస్తకాలు చూపించుకుని, తెలిసినవాళ్ళని అడిగి కొంత తెలుసుకున్నాను. మనకి వానలు ముఖ్యంగా జూన్ నుంచి నవంబరు దాకా. ఆ తర్వాత మళ్ళీ జూన్ వరకూ చాలా మటుకు పొడి కాలం. తూర్పు కనుమల పాదాల దగ్గర వేల ఏళ్ళుగా పెరిగిన చెట్టూ పొదా ఈ లెక్కకి అలవాటు పడ్డాయి. ఆకు వుంటే ఆ ఆకు గుండా నీరు ఆవిరై పోతూనే వుంటుంది. అందుకని పొడి రోజుల్లో చాలా చెట్లు ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకుంటాయి. వేళ్ళలో, కాండంలో కాస్త నీరూ, కాస్త ఆహారమూ దాచుకుంటాయి. చలి పోయి, పగటి పొద్దు పెరిగి, ఎండ వెచ్చబడగానే ఆ దాచుకున్నది తీసి వాన కోసం కాచుకోకుండా కొత్తాకు వేసేస్తాయి. తొలకరి పడే వేళకి ఆకు ముదిరి, ఎదగడానికి సిద్ధంగా వుంటుందన్నమాట.

మనం పోపుల డబ్బాలో దాచిన డబ్బు నెలాఖరున తీసి, జీతం వచ్చేలోగా ఇల్లు గడిపేయమూ? అలాగే ఇదీ!

'బతికుంటే బలుసాకు తినొచ్చు' అని సామెత వింటూనే వుంటాం. కరువు రోజుల్లో మిగతా కూరలన్నీ మాడిపోయినా బలుసు చిగురు దొరికేది కాబట్టే ఆ సామెత పుట్టి వుంటుంది. వావిలాల, బలుసుపాడు, తంగెడ వంటి పేర్లు వినండి. మన వూళ్ళకీ, ఇంటిపేర్లకీ కూడా ఈ పొదలు ఎంత దగ్గరివో!

పరాయి మొక్కలన్నీ పాపిష్టివా?

అలా అనుకోకండి. మన వంటింట్లో మిరపకాయ, టమాటా, బొప్పాయి, జీడిపప్పు అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరపకాయ లేకుండా ఆవకాయ వుంటుందా? వచ్చి, మన ఇంట్లో మనిషిలా కలిసిపోయినవాటితో పేచీ లేదు.

పేచీ అల్లా వచ్చి ఇల్లు ఆక్రమించేవాటితోనే. లంటానా సంగతే చూడండి. రంగురంగుల గుత్తుల పూలు బాగున్నాయని 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెనుకి తెచ్చారట. ఇప్పుడు కొండలకి కొండలు కమ్మేసి, మన పొదలకి చోటు లేకుండా చేస్తోంది. వయ్యారిభామ 1950ల్లో పూణేలో కనిపించి, దేశమంతా పాకింది. ఒళ్ళు దురదలు, ఆయాసం తెచ్చే మొక్క అది. రోడ్ల మధ్య, కాలనీల్లో పచ్చగా వుంటుందని వేసిన కోనోకార్పస్ చెట్టుని 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. అందంగా వుందని, తొందరగా పెరుగుతుందని నాటడం తేలిక. తీయడమే కష్టం.

మన చెట్టు పోతే పోయేది చెట్టొక్కటే కాదు. మా వూరికి దగ్గర్లో వరాహ నది పక్కన ఏటికొప్పాక వుంది కదా. లక్క బొమ్మలకి పేరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. అవి చేసేది అంకుడు కర్రతో. మెత్తగా, నున్నగా చెక్కడానికి లొంగే కర్ర. అంకుడు కూడా కొండల్లో పుట్టే మన చెట్టే. కొట్టినకొద్దీ మొదలు నుంచి చిగుళ్ళు వేస్తుంది, వేసవిలో మంచు రాలినట్టు తెల్లగా పూస్తుంది. కొట్టాక మళ్ళీ చిగిర్చే వ్యవధి ఇవ్వకపోతే ఆ చెట్టుతో పాటు చేతివృత్తీ పోతుంది. 'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అంటారు గానీ, ఆ మాట చెట్టుది కాదు, మన చూపుది.

ఇంతకీ గచ్చు ఏమైంది?

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పచ్చడిలోకి వేపపువ్వు కోయడానికి పెరటి తలుపు తీసిన మావారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. తర్వాత ఆయనే, "మేస్త్రి వస్తే ఏం చెబుదాం?" అన్నారు.

ఆయన భయాలు కూడా ఉత్తుత్తివి కావు. బండి పెట్టుకోవాలి. వానల్లో బురద అవుతుంది. మంచం మీద మనిషి వున్న ఇంట్లో తేళ్ళూ పాములూ దగ్గరికి రాకూడదు. అందుకని కూర్చుని మాట్లాడుకున్నాం. వసారా నుంచి బావి దాకా ఆరడుగుల వెడల్పున గచ్చు వేయించాం. చక్రాల కుర్చీ కూడా దాని మీద నడుస్తుంది. మిగతాదంతా మట్టే. పొదల్ని ఇంటి గోడకి గజం దూరంలో వుంచి, కింది కొమ్మలు జానెడు ఎత్తు వరకూ కత్తిరిస్తాను. అడుగున గాలీ వెలుతురూ ఆడుతుంది, ఏమైనా వుంటే కనిపిస్తుంది. డెబ్భై వేలు అన్న ఖర్చు ఇరవై అయిదు వేలలో తేలిపోయింది. వానాకాలంలో నీళ్ళు కాలవలోకి పోకుండా మట్టిలోకి ఇంకుతున్నాయి. మే నెల మధ్యాహ్నం గచ్చు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం గానీ, వాక్కాయ నీడన మట్టి చల్లగానే వుంటుంది.

2025 మాఘంలో మా అమ్మాయి పురిటికి వచ్చింది. మామూలు కాన్పు. ఆస్పత్రి నుంచి వచ్చాక డాక్టరమ్మని అడిగి, సరేనన్నాకే వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించాను. (కుట్లు వున్నవాళ్ళకి, ఆపరేషను అయినవాళ్ళకి డాక్టరు చెప్పందే ఇలాంటివి చేయకండి. పసిపిల్లలకి ఈ నీళ్ళు అసలు పోయకండి.) నేను నరికించిన చెట్టు ఆకే నా కూతురి స్నానానికి వచ్చింది.

ఆకు కోసుకుని లోపలికి వస్తుంటే మా అత్తగారు ఆపారు. "ఎంత కోసావ్?" అన్నారు. చూపించాను. "సగం సాలు. మిగతాది సెట్టుకుండనీ" అన్నారు. పదేళ్ళ కిందటి సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు నేనే, "అప్పుడు తప్పు చేశానత్తయ్యా" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మొదలు పీకలేదు కదే" అన్నారు.

మీ పెరట్లో ఇలా చేసి చూడండి

* ఆకు రాలిన పొదని చూడగానే చచ్చిపోయిందనుకోకండి. గోటితో బెరడు కొంచెం గీరండి. లోపల పచ్చగా, తడిగా వుంటే బతికే వుంది. పై కొమ్మలో లేకపోతే మొదలు దగ్గర చూడండి.

* ఆకు లేనప్పుడు ఎక్కువ నీళ్ళు, ఎరువు వేయొద్దు. వేరు కుళ్ళుతుంది. చిగురు కనిపించాక వారానికోసారి నీళ్ళు పోస్తే చాలు. కుండీలో వున్నదైతే మట్టి ఆరినప్పుడల్లా పోయాలి.

* మల్లెకి డిసెంబరు, జనవరిలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించండి. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్ళు పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ తొడుగుతుంది. వాక్కాయని మాత్రం కాపు అయ్యాకే కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే పూత పోతుంది.

* రాలిన ఆకుని తగలబెట్టకండి. పొదల మొదట్లో పల్చగా పరిస్తే తేమ నిలుస్తుంది. ఇంటి గోడ దగ్గర మాత్రం పోగు పెట్టకండి.

* గోడ వారన తెలియని మొలక కనిపిస్తే వెంటనే పీకేయక, జానెడు ఎదగనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళకో, ఆకుకూరలు అమ్మే ఆవిడకో చూపించండి. వయ్యారిభామ అయితే పూత రాకముందే, చేతికి కవరు తొడుక్కుని, వేరుతో సహా లాగేయండి.

* వావిలి కావాలంటే వానలు మొదలయ్యాక పెన్సిలంత లావు, జానెడు పొడవు కొమ్మని రెండు కణుపులు మట్టిలో వుండేలా నాటండి. వాక్కాయ గింజని పండులోంచి తీసిన వెంటనే వేయాలి, దాచితే మొలకెత్తదు. కరివేపాకు పిలకని వేరుతో తవ్వి పెట్టుకోవచ్చు. మొక్కల కోసం కొండ మీది పొదల్ని మాత్రం పెళ్ళగించి తేవద్దు. ఇరుగుపొరుగుని అడిగితే ఓ కొమ్మ ఇవ్వరా?

* సరిగ్గా గుర్తు పట్టని ఆకునీ, కాయనీ వంటలోకి వాడకండి. పెరట్లో పూసే గన్నేరు, జిల్లేడు విషమే.

వాక్కాయ పప్పు

పొద గురించి ఇంత చెప్పి వంట చెప్పకపోతే మీరు వూరుకోరు. పచ్చి వాక్కాయలు పది, పన్నెండు తీసుకోండి. పాలు కారి చేతికి అంటుకుంటాయి కనుక ముందుగా చేతికి నూనె రాసుకోండి. రెండుగా చీల్చి గింజలు తీసేసి కడగండి. గ్లాసు కందిపప్పు మెత్తగా ఉడికించి పక్కన పెట్టుకోండి. వాక్కాయ ముక్కలు, నాలుగు పచ్చిమిర్చి చీలికలు, చిటికెడు పసుపు, కొంచెం నీళ్ళు పోసి వేరే ఉడికించండి. పులుపుతో కలిపి ఉడికిస్తే పప్పు ఉడకదు. ముక్క మెత్తబడ్డాక పప్పు, ఉప్పు వేసి అయిదు నిమిషాలు వుంచి దింపండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఇంగువ, రెండు రెమ్మలు కరివేపాకుతో పోపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు. వేడన్నంలో నెయ్యి వేసుకుని, పక్కన వడియాలు పెట్టుకుంటే ఆ రోజుకి వేరే కూర అడగరెవరూ. మొదటిసారి మా పెరటి కాయలతో ఈ పప్పు చేసిన రోజు మావారు మారు అడిగి వేయించుకున్నారు. గచ్చు మాట మళ్ళీ ఎత్తలేదు.

మీ ఇంటి వెనకా ఎక్కడో ఓ మోడు వుండే వుంటుంది. కత్తి తీసే ముందు, మేస్త్రిని పిలిచే ముందు, ఉగాది దాకా ఒక్కసారి ఆగి చూడండి. వసారాలో మంచం మీద వున్న పెద్దావిడ ఏం చెబుతారో కూడా విని చూడండి. ఆవిడకి తెలిసింది మనకింకా తెలియదు.